మేకుకు పట్టినంతే

మా ప్రెస్సు గోడలకి నాలుగు మేకులున్నాయి. క్యాలెండరు తగిలించే మేకులు కావు. నాన్న ఆటోనగర్‌లో ఇనుప చువ్వ వంపించి చేయించినవి, ఒక్కోటి జానెడు పొడవు. ఒకటి డీటీపీ గది గుమ్మం పక్కన, రెండోది ప్లేట్లు చేసే చోట, మూడోది మిషను దగ్గర, నాలుగోది బైండింగు బల్ల పైన. పని ఒప్పుకోగానే నాన్న ఒక ఖాకీ కవరు తీసేవారు. పార్టీ పేరు, ఎన్ని కాపీలు, ఏ కాగితం, ఏనాటికి కావాలి, ఈ నాలుగు ముక్కలు నీలం పెన్సిలుతో రాసి, మేటరు లోపల పెట్టి, మొదటి మేకుకి గుచ్చేవారు. పని నడిచేకొద్దీ కవరు మేకు మారేది. మా వాడుకలో అది జాబ్ కవరు. జాబ్ కార్డు అని కూడా అనేవాళ్లం గానీ, ఉపాధి హామీ వచ్చాక ఆ మాట మా చేతుల్లోంచి పోయింది. నా ఇంజనీరింగు ఫీజు నాలుగేళ్లూ ఆ మేకుల మీద నుంచే వచ్చింది.

హైదరాబాదులో పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, నాన్నకి మోకాళ్లు సహకరించక 2021లో విజయవాడ వచ్చేశాను. ఏలూరు రోడ్డుకి రెండు సందుల అవతల మా ప్రెస్సు. నాతో కలిపి పద్నాలుగు మందిమి. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ప్రైవేటు బడుల వర్కుబుక్కులు, అప్పుడప్పుడూ సొంత డబ్బుతో అచ్చేసుకునే కవుల సంపుటాలు. వచ్చిన వారానికే ఆ మేకులు పీకించేద్దామనుకున్నాను. ఎందుకంటే హైదరాబాదులో చివరి ఆరేళ్లు నా ఉద్యోగమే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌ని చూసుకోవడం. ఎవరు ఏ పని మీద ఉన్నారు, అది ఎందాకా వచ్చింది, ఎక్కడ ఆగింది అని చెప్పే సాఫ్ట్‌వేర్ అన్నమాట. అలాంటిది చేతిలో ఉండగా ఇంకా మేకులేమిటి అని నా ధీమా.

మేకులు ఇంకా ఉన్నాయి. సాఫ్ట్‌వేరూ ఉంది. ఈమధ్య మా ఊళ్లో తెలిసినవాళ్లు, డయాగ్నొస్టిక్ సెంటర్ నడిపే స్నేహితురాలు, ఈవెంట్లు చేసే ఇద్దరు కుర్రాళ్లు, కోచింగ్ సెంటర్ పెట్టిన మా బావగారు, అందరూ ఒకే ప్రశ్నతో వస్తున్నారు. తేలికపాటి సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా, అన్నీ ఉన్న పెద్దది తీసుకోవాలా అని. ముందు ఒకటి చెప్పండి, అందులో గళ్లు ఎవరు నింపుతారు, నింపినందుకు వాళ్లకేమిటి అని నేను ఎదురు అడుగుతాను. ఎవరూ దీన్ని జవాబుగా ఒప్పుకోరు. ధర ఎంత, ఫోన్లో వస్తుందా అని మళ్లీ మొదటికొస్తారు. అందుకే నా లెక్క ఇక్కడ విడమరిచి చెబుతున్నాను.

పెద్దవాటిలో పేరున్నది జీరా. 2002లో సిడ్నీలో అట్లాసియన్ అనే కంపెనీ పెట్టిన ఇద్దరు కాలేజీ స్నేహితులు తెచ్చారు. గాడ్జిల్లాకి జపాను వాళ్ల పేరు గొజీరా. అంతకుముందు వాళ్లు వాడిన సాఫ్ట్‌వేర్ పేరు బగ్‌జిల్లా కావడంతో సరదాగా ఆ పేరొచ్చింది. నేను ఫోన్లో "పొద్దుటి నుంచి జీరాలోనే ఉన్నానమ్మా" అంటే మా అమ్మ చాలాకాలం నాది మసాలాల కంపెనీ అనుకుంది. అది పుట్టింది ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి నమోదు చేయడానికి. తప్పు ఏ వెర్షన్లో దొరికింది, ఎవరు పట్టారు, ఎంత ప్రమాదం, ఎవరు సరిచేశారు, మళ్లీ ఎవరు పరీక్షించారు, ఇన్నీ రాసిపెట్టుకోవాల్సిందే. అక్కడ ఆ గళ్లకి అర్థముంది. తరవాత తరవాత ఆ గళ్లలోనే సెలవు చీటీలు, కొత్త కుర్చీల ఇండెంట్లు, ఆఫీసు పిక్నిక్ కూడా నడిపించారు. పనికి తగిన గిన్నె కాక, ఉన్న గిన్నెకి తగినట్టు పనిని వండారు.

తేలికవాటిలో అందరికీ తెలిసింది ట్రెల్లో. 2011లో వచ్చింది. తెర మీద నిలువు వరసలు, వాటిలో కార్డులు, వేలితో ఒక వరస నుంచి ఇంకో వరసకి లాగడం, అంతే. మా నాన్న మేకులకి రంగులేసినట్టుంటుంది. 2017లో దాన్ని కొనుక్కున్నది ఎవరో కాదు, జీరా అమ్మే అట్లాసియనే. 42.5 కోట్ల డాలర్లు. ఆ వార్త చదివిన రోజు మా ఆఫీసు క్యాంటీనులో నవ్వుకున్నాం, బరువు మోయించేవాడే నొప్పుల మందు కూడా అమ్ముతాడని.

ఈ రెండింటి మధ్యా బోలెడున్నాయి. మన పక్కనే చెన్నైలో జోహో వాళ్లది ఉంది, ఆసనా ఉంది, 2004లో షికాగోలో మొదలైన బేస్‌క్యాంప్ ఉంది. వాటి గుణదోషాల పట్టీ నేను వెయ్యను. అలాంటి పట్టీలు అమ్మేవాళ్లే వేస్తుంటారు, నిలువునా టిక్కులు పెడుతూ.

నేను చేసిన పాపం ఒకటి చెప్పాలి. హైదరాబాదులో మా ప్రాజెక్టుకి వాడిన పెద్ద సాఫ్ట్‌వేర్‌లో గళ్లు పెట్టేది, తీసేది నేనే. నేను చేరినప్పుడు ఒక టికెట్, అంటే నమోదైన ఒక పని, మూయడానికి తప్పనిసరిగా నింపాల్సిన గళ్లు ఆరు. నేను వదిలేసి వచ్చేనాటికి పదిహేడు. ప్రతి గడీ ఏదో ఒక మీటింగులో ఎవరో ఒక పెద్దమనిషి, "ఇది కూడా తెలిస్తే బాగుంటుంది కదా" అనడంతో పుట్టింది. అడిగినవాళ్లెవరూ ఎప్పుడూ నింపలేదు. నింపింది అర్ధరాత్రి రిలీజు ముందు కూర్చున్న పిల్లలు. అందులో ఒక గడి, తప్పుకి మూలకారణమేమిటి అని. డ్రాప్‌డౌన్ పెట్టి పది కారణాలిచ్చాను, ఇంగ్లీషు అక్షర క్రమంలో. మొదటిది ఆర్కిటెక్చర్. నిద్ర కళ్లతో ఉన్నవాడు ఏది నొక్కుతాడు? మొదటిది. మూడు నెలలకి అమెరికా నుంచి వచ్చిన స్లైడులో, మన తప్పుల్లో సగానికి పైగా ఆర్కిటెక్చర్ వల్లేనని పెద్ద ఎర్ర ముక్క ఉన్న బొమ్మ కనపడింది. దాని మీద కమిటీ వేశారు. ఇద్దరు ఆర్కిటెక్టులు వారాల తరబడి కాగితాలు రాశారు. నాకు సంగతి తెలుసు, నోరెత్తలేదు. ఎత్తితే ఆ గడి పెట్టింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. జాబితా క్రమం మాత్రం ఒక శనివారం చప్పుడు చేయకుండా మార్చేశాను. తరవాతి మూడు నెలల్లో మన తప్పులన్నిటికీ కారణం టెస్ట్ డేటా అయింది.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. అది అడిగినవన్నీ ఇచ్చింది, అదే దానితో చిక్కు. గడి పెట్టడానికి నాకు రెండు నిమిషాలు. దాన్ని నింపడానికి అరవై మందికి రోజూ పట్టే సమయం ఏ లెక్కలోనూ రాదు. 2001లో అమెరికాలో యూటా మంచు కొండల్లో పదిహేడు మంది ప్రోగ్రామర్లు కూచుని ఎజైల్ మేనిఫెస్టో రాసుకున్నప్పుడు, పద్ధతులూ పరికరాలకన్నా మనుషులూ వాళ్ల మాటామంతీ ముఖ్యమని మొట్టమొదటి ముక్కగా పెట్టుకున్నారు. మేం ఆ మాట మీదే సర్టిఫికెట్లు తెచ్చుకుని, దాని పేరు చెప్పే పదిహేడు గళ్లు పెట్టాం.

అంత అనుభవమున్నదాన్ని, ప్రెస్సుకొచ్చి చేసింది మళ్లీ అదే. 2022లో ఒక బరువైన సాఫ్ట్‌వేర్ తెచ్చి, మా పనికి తగ్గట్టు గళ్లు కట్టాను. కాగితం సైజు, జీఎస్ఎం, రంగులెన్ని, ల్యామినేషను, కార్యక్రమం తేదీ, డెలివరీ తేదీ. ఇకనుంచి కవరు చూడొద్దు, తెర మీద ఉన్నదే నిజం అని అందరికీ చెప్పాను. నాన్న పడక్కుర్చీలో కూచుని విన్నారు. ఏమీ అనలేదు. అనకపోవడం ఆయన పద్ధతి.

మాఘమాసంలో ఒక శుభలేఖ వచ్చింది. ముహూర్తం గురువారం రాత్రి 2.18కి, తెల్లవారితే శుక్రవారం. తెలుగువాళ్లకి దీనర్థం చెప్పక్కర్లేదు. మన రోజు సూర్యోదయంతో మారుతుంది, గడియారం రోజు అర్ధరాత్రి మారుతుంది, అందుకే కార్డు మీద రెండూ వేస్తాం. సాఫ్ట్‌వేర్‌లో కార్యక్రమం తేదీకి ఉన్న గడి ఒకటే. కౌంటర్లో అమ్మాయి సరిగ్గానే శుక్రవారం తేదీ పెట్టి, 2.18 ఏఎం అని కొట్టింది. డీటీపీ అబ్బాయి, తెర మీద ఉన్నదే నిజం అన్నాను కదా, పార్టీ రాసిచ్చిన కాగితం తీయకుండా తెర చూసి "శుక్రవారం రాత్రి 2.18" అని కంపోజు చేశాడు. అంటే పెళ్లి ఒక రోజు ఆలస్యమైపోయింది. ప్రూఫు ఫోటో రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో పెళ్లికూతురి తండ్రికి పంపాం. దాంతోపాటు వినాయకుడి బొమ్మ కూడా పంపాం, ఈ డిజైను చాలా అని. ఆయన బొటనవేలు ఎత్తి పెట్టారు. ఆరువందల కార్డులు, బంగారు ఫాయిలుతో, కార్డు ఒక్కింటికి ఇరవై ఎనిమిది రూపాయలు. డెలివరీ రోజు పెళ్లికూతురి అమ్మమ్మ కార్డు తిప్పి చూసి, "మరి శుక్రవారం రాత్రి అంటే దశమి వెళ్లిపోతుందిగా" అంది. తండ్రిగారిని అడిగితే, "నేను వినాయకుడు బాగున్నాడని పెట్టానమ్మా" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పదహారువేల ఎనిమిదివందలు మేమే పెట్టుకుని రాత్రికి రాత్రి మళ్లీ వేశాం.

ఆ ఒక్క కార్డులో రెండు రకాల తప్పులూ ఉన్నాయి. బరువైన సాఫ్ట్‌వేర్ తన గడికి పట్టేలా మన ముహూర్తాన్ని కుదించింది. వాట్సాప్ ఎంత తేలికంటే, ఒప్పుకున్నది దేనికో తెలియనంత. మన ఊళ్లలో చిన్న వ్యాపారాలకి అసలు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వాట్సాప్ గ్రూపే, పైకి ఎవరేం చెప్పినా. మాటలు వస్తాయి, పైకి జరుగుతాయి, గుడ్ మార్నింగ్ పువ్వుల కింద సమాధి అవుతాయి. దేన్నైనా వెతకాలంటే మొన్నటి వాయిస్ మెసేజులు పన్నెండు వినాలి.

కార్డులు మళ్లీ వేసిన మర్నాడు నాన్న మేకు మీంచి పాత కవరొకటి తీసి నా ముందు పెట్టారు. దాని మూల మీద ఒక ముద్ర: పేర్లు, తేదీ, వారం, సమయం చూసుకున్నాను. కింద సంతకానికి గీత. "ఇది ఎప్పటి నుంచి నాన్నా?" అంటే, ఒకసారి వరుడి పేరు, వాళ్ల నాన్న పేరు తారుమారు వేసి పట్టుబడ్డాక చేయించిన ముద్ర అన్నారు. నేను పుట్టకముందు సంగతి. ఆ ముద్ర కొట్టడం ఎప్పుడు మానేశారంటే, నేను సాఫ్ట్‌వేర్ పెట్టిన రోజు.

అప్పటి నుంచీ నాది ఒకటే నియమం. నష్టం జరగందే గడి పెట్టను. ఆ బరువైనదాన్ని తీసేసి, 2023లో ట్రెల్లో లాంటి ఒక సాదా బోర్డుకి మారాం. వరసలు నాలుగు, మేకులెన్నో అన్ని. కార్డు మీద పార్టీ పేరు, జాబ్ కవరు ఫోటో. అంతే రాయాలి. ప్రూఫు సంతకం పెట్టిన కాగితం ఫోటో కూడా ఉండాలని మొదటి గడి. రెండోది, కాగితం ఎవరిదీ అని. ఒక రిటైర్డు మాస్టారు తన కవితల పుస్తకానికి సొంతంగా కొనుక్కొచ్చి మా దగ్గర పెట్టిన మ్యాప్‌లిథో రీముల మీద మేం ఎవరివో బిల్లు పుస్తకాలు వేసేశాం. ఆయన మూడు నెలలు మాట్లాడలేదు. ఆ గడి పేరు మా వాళ్ల నోట్లో ఇప్పటికీ "మాస్టారి గడి". ప్రతి గడికీ ఒక కథ ఉంది కాబట్టి ఎవరికీ నేను చెప్పక్కర్లేదు, నింపుతారు.

కార్డుల వరసల పద్ధతికి కాన్బాన్ అనే పేరుంది. జపానులో టొయోటా కార్ల కంపెనీలో తాయిచి ఓనో అనే ఇంజనీరు నడిపించిన పద్ధతి. కాన్బాన్ అంటే వాళ్ల భాషలో సూచిక పలక. విడిభాగాల పెట్టెతోపాటు ఒక చీటీ వెళుతుంది. ముందు పనివాడు పెట్టె వాడేశాక చీటీ వెనక్కి వస్తుంది, చీటీ వస్తేనే వెనకవాడు ఇంకో పెట్టె చేస్తాడు. ఇందులో కీలకం చీటీల లెక్క. ఉన్నన్ని చీటీలకే పని నడుస్తుంది, అంతకు మించి ఎవరూ చేసి పోగేయరు. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి కార్డులు మిగిలాయి, లెక్క కావాలంటే పెట్టుకోవాల్సిన సదుపాయంగా పక్కకి పోయింది. వరసలో ఎన్ని కార్డులైనా వేసుకుంటూ పోవచ్చు, తెర కిందికి జారుతూనే ఉంటుంది.

జానెడు మేకుకి ఆరేడు కవర్లు పడతాయి. నాన్న ఎనిమిదోది గుచ్చబోతే మొదటిది జారి కింద పడేది. అప్పుడు వచ్చిన పార్టీకి, "బుధవారం దాకా కుదరదండీ" అనేవారు. పొడవైన మేకు ఎందుకు చేయించుకోలేదని ఒకసారి అడిగాను. "చేయిస్తే గుచ్చేస్తాను కదమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి బోర్డు మీద ఏ వరసలోనూ ఏడుకి మించి వెయ్యనివ్వను. మార్చిలో కొత్త వర్కుబుక్కులొచ్చేటప్పుడు ఆ నియమం నేనే తప్పుతాను, అది వేరే సంగతి.

సాదాదే మేలని ఇక్కడితో ఆపేస్తే అబద్ధమాడినట్టే. 2024 సెప్టెంబరు 1న మా ఊళ్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మా పెద్ద మిషన్‌మేన్ ఇల్లు అక్కడే. నాలుగు రోజులు ఆయన డాబా మీద, ఫోను స్విచ్ఛాఫ్. మనిషి క్షేమమో కాదో తెలియని ఆందోళన ఒకపక్క, పని ఒకపక్క. బోర్డు తెరిస్తే మిషను వరసలో ఆరు కార్డులు చక్కగా ఉన్నాయి. ఏది ముందు వెయ్యాలి? ఏ ప్లేట్లు అరిగాయి, ఏవి మళ్లీ చేయాలి? ఒకే ఇంకు పనులు కలిపి వేస్తే మిషను కడిగే పని తప్పుతుంది, ఆ జతలేవి? ఏ పార్టీ రెండు రోజులు ఆగుతుంది, ఏది ఆగదు? ఒక్క ముక్క బోర్డులో లేదు. అంతా ఆయన బుర్రలో ఉంది. బోర్డు అంత తేలికగా ఉందని నేను మురిసిపోయిన రోజులన్నీ దాని బరువు ఆయన మోస్తున్నాడు. పైగా నెల జీతంలో ఆ మోతకి కూలీ లేదు. ఆయన తిరిగొచ్చాక, తడిసిన ఇల్లు కడుక్కున్నాక, ఇద్దరం కూచుని ఒక పేజీ రాశాం, మిషను వరస ఎలా వేసుకోవాలో. ఆయన చెప్పాడు, నేను రాశాను. జీతం కూడా సవరించాం. ఆ పేజీ మిషను పక్కన అంటించి ఉంది.

పనిలో ఉన్న చిక్కు ఎక్కడికీ పోదు. సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే ఎవరో ఒకరి తలలో ఉంటుంది. చిన్న చోట అలా ఉండటమే నయం చాలాసార్లు. కానీ ఎవరి తలలో ఉందో యజమానికి తెలిసుండాలి.

మా పిన్ని కొడుకు అబుదాబిలో ప్లానింగ్ ఇంజనీరు. వాళ్లు ప్రిమవేరా వాడతారు, ఒక ప్రాజెక్టులో వేలకొద్దీ పనుల వరసలు. ఏ పని ఒక రోజు ఆలస్యమైతే మొత్తం ఒక రోజు జరుగుతుంది అని పట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్ రసాయన కర్మాగారాల కోసం పుట్టింది. మరుసటి ఏడాది పొలారిస్ క్షిపణుల కోసం అక్కడి నౌకాదళం పెర్ట్ అని అలాంటిదే కట్టుకుంది. అంతటి పనులకి నాలుగు మేకులు చాలవు. మావాడితో నా బోర్డు గొప్పలు చెప్పుకుంటే నవ్వి, "అక్కా, మా షెడ్యూలు సగం పని చేయడానికి, సగం కేసు వాదించడానికి. ఆలస్యం నీదా నాదా అని రేపు ఆర్బిట్రేషన్‌లో తేల్చేది అదే" అన్నాడు. అక్కడ గడి నింపేవాడికి కారణముంది. నింపకపోతే వాడి కంపెనీ డబ్బు కడుతుంది.

నాకూ అలాంటి అవసరం ఒకసారి వచ్చింది, 2024 ఎన్నికలప్పుడు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు ఉండాలి. వేయించుకునేవాళ్లు ఇద్దరు తెలిసినవాళ్ల సాక్ష్యంతో డిక్లరేషను రెండు ప్రతులివ్వాలి. అచ్చయ్యాక ఒక ప్రతి, కరపత్రంతోపాటు కలెక్టరుకి పంపాలి. తప్పితే ఆరు నెలల జైలు దాకా ఉంది. మా సాదా బోర్డు మీద కార్డుని ఎవరు కావాలంటే వాళ్లు ఇటు నుంచి అటు లాగుతారు. అది ఇక్కడ కుదరదు. ఏ పని ఎవరు ఒప్పుకున్నారు, ఏ కాగితం ఎప్పుడొచ్చింది, అది లేకుండా ప్లేటు చేయకూడదు అనే తాళం కావాలి. బరువైన సాఫ్ట్‌వేర్‌లు నిజంగా బాగా చేసే పని ఇదే, తాళాలు వేయడం. ఆ రెండు నెలలకి మాత్రం ఎన్నికల పనులన్నీ విడిగా, గట్టి గళ్లతో నడిపాం. ఎవరూ సణగలేదు. ఆరు నెలల జైలు అన్న మాట కంటే మంచి ట్రైనింగ్ లేదు.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు మెల్లగా చెబుతారు. వీటిలో చాలావాటికి తలకింత అని నెలకి కట్టాలి. పదిమంది దాకా ఉచితం అంటారు, జీరాకీ అదే లెక్క. పదకొండో మనిషి దగ్గర బిల్లు మొదలవుతుంది. అప్పుడు యజమాని చేసేదేమిటి? బైండింగులో ఉన్న నలుగురికీ లాగిన్ ఎందుకులే, వాళ్ల తరఫున ఒకరు కొడతారు అంటాడు. నేనూ అదే చేశాను. దాంతో పని చేసేవాళ్లకి బోర్డు కనపడదు, కనపడేవాళ్లకి పని తెలియదు. చివరికి బైండింగు బల్ల దగ్గర ఒక పాత టీవీ తగిలించాను, బోర్డు అందులో కనపడుతుంది. మధ్యాహ్నం క్రికెట్ కూడా కనపడుతుంది.

మా బైండరు భార్య అంగన్‌వాడీ కార్యకర్త. పిల్లల బరువులు, ఎత్తులు, హాజరు, ఎవరికేం పెట్టారు, అన్నీ ఫోన్లో కొట్టాలి. ఆమె సంచిలో ఒక నోటుబుక్కు కూడా ఉంటుంది. పొద్దున అందులో రాసుకుని, సిగ్నల్ వచ్చే చోట సాయంత్రం ఫోన్లోకి ఎక్కిస్తుంది. రెండుసార్లు ఎందుకమ్మా అని అడిగితే, "పుస్తకం నాకండీ, ఫోను వాళ్లకి" అంది. ఏ పిల్ల రెండు నెలలుగా బరువు పెరగలేదో ఆమెకి చెప్పేది ఆ పుస్తకమే. ఫోన్లోకి ఎక్కిందంతా పైకి వెళుతుంది, పైనుంచి తిరిగి ఆమెకొచ్చేది ఇంకా నింపలేదేం అనే మెసేజు. రేపు కార్యాలయాల్లో, బడుల్లో, ఆస్పత్రుల్లో కొత్త సాఫ్ట్‌వేర్‌లు కొనే అధికారులు టెండరు రాసేముందు ఆ నోటుబుక్కు ఒకసారి తెప్పించుకుని చూడాలి. అందులో ఎన్ని గళ్లున్నాయో అన్నే చాలు. అంతకుమించి అడిగే ప్రతి గడికీ, అడిగినవాళ్లు తమ పేరు పక్కన రాసుకోవాలి. హైదరాబాదులో నేను పెట్టిన పదకొండు కొత్త గళ్ల పక్కన ఆ పేర్లు ఉండుంటే, రెండో నెలకే సగం తీయించేసేవారు.

మా బావగారికి కోచింగ్ సెంటర్‌కి సాదాదే తీసుకోమన్నాను. డయాగ్నొస్టిక్ సెంటర్ స్నేహితురాలికి వద్దన్నాను. అక్కడ శాంపిల్ సీసా మీద పేరు మారితే బొటనవేలు సరిపోదు, బార్‌కోడు, తాళాలు ఉన్నదే కావాలి. ఈవెంట్ల కుర్రాళ్లు నా మాట వినకుండా అన్నీ ఉన్నది తీసుకున్నారు. తెర మీద రంగులు బాగుంటాయట, క్లయింటుకి చూపిస్తే నమ్మకం కలుగుతుందట. అదీ ఒక ఉపయోగమే, కాదనను. పని మాత్రం వాట్సాప్‌లోనే చేసుకుంటున్నారు.

మొన్న ముసురు పట్టిన వారంలో పెద్ద మిషన్‌మేన్ నా గదికొచ్చాడు. మామూలుగా రాడు. ఆర్టు పేపరు మీద ఇంకు ఆరకముందే కటింగుకి తీసుకెళ్లిపోతున్నారు, రీము రీమంతా వెనక్కి అంటుకుంటోంది, బైండింగు వాళ్లతో చెప్పి చెప్పి విసిగిపోయాను అన్నాడు. "అమ్మాయిగారూ, ఆ టీవీలో ఆరిందా లేదా అని ఒక గడి పెట్టండి. నేను నొక్కాకే వాళ్లు ముట్టుకోవాలి."

పెట్టాను. వారమైంది. రోజూ సాయంత్రం వెళ్లేముందు చేతులు తుడుచుకుని, ఒక షీటు మూల మీద బొటనవేలు ఒత్తి చూసి, తెర మీద నొక్కుతున్నాడు. నొక్కాక కవరు తీసి నాలుగో మేకుకి గుచ్చుతున్నాడు.